కిటికీ మీద కమాను కుంగితే: పాత ఇటుక ఆర్చిని మళ్లీ నిలబెట్టడం ఎలా

మా తాతగారి ఇంట్లో పడమటి గది కిటికీ ఒక వానాకాలం మూతపడనని మొరాయించింది. తడికి చెక్క ఉబ్బిందనుకుని అమ్మ వడ్రంగిని పిలిపించింది. ఆయన రెక్క పైఅంచు చిత్రిక పట్టి వెళ్లాడు. మరుసటి ఏడు మళ్లీ బిగుసుకుంది, మళ్లీ చిత్రిక పట్టాడు. మూడో ఏడు నేను ఊరెళ్లినప్పుడు స్టూలెక్కి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఉబ్బింది రెక్క కాదు. పైనున్న ఇటుకల కమాను కిందికి జారి చట్రం మీద కూర్చుంది. చట్రం పైచెక్క మధ్యలో విల్లులా వంగి ఉంది.

సున్నంతో కట్టిన పాత ఇళ్లలో ఇది మామూలే. గోదావరి జిల్లాల మండువా ఇళ్లు కానివ్వండి, హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లు కానివ్వండి, చాలావాటికి కిటికీల మీద కాంక్రీటు లింటెల్ (అడ్డదూలం) ఉండదు, ఇటుకల్ని నిలువుగా పేర్చిన కమాను ఉంటుంది. కొన్ని పైకి వంపు తిరిగి ఉంటాయి. కొన్ని చూడ్డానికి బల్లపరుపుగా ఉన్నా లోపల కమాను లాగే పనిచేస్తాయి. పైన ప్లాస్టరింగ్ ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లకు అక్కడ కమాను ఉందని కూడా తెలియదు. మీ ఇల్లు పిల్లర్లు, స్లాబుతో కట్టిందైతే ఇదంతా మీకు వర్తించదు. దాని జబ్బు వేరు, మందు వేరు.

ముందు పక్క గోడల్ని చూడండి

కమానులో ఇటుకలు వేలాడవు, ఒకదాన్నొకటి నొక్కుకుని నిలబడతాయి. పైబరువు నడిమి ఇటుకను నొక్కితే అది పక్క ఇటుకల్ని నెడుతుంది, అవి వాటి పక్కవాటిని నెడతాయి. చివరికి ఆ తోపు అంతా కిటికీకి అటూ ఇటూ ఉన్న గోడలకు చేరుతుంది. ఆ గోడలు గట్టిగా ఉన్నంతకాలం, ఇటుకల మధ్య సున్నం ఉన్నంతకాలం కమానుకి ఢోకా లేదు. 1591లో కట్టిన చార్మినార్ నాలుగు కమానులూ ఇవాళ్టికీ నిలబడి ఉన్నది ఇలా నొక్కుకునే.

కాబట్టి కమాను కుంగిందంటే రెండే మూలాలు. పక్కలు జరిగి ఉండాలి, లేదా సందుల్లో సున్నం పోయి ఉండాలి. ఆ రెండింటిలో ఏది జరిగిందో తేల్చుకోకుండా కమానుకి మాత్రం మరమ్మతు చేస్తే, చిల్లు పూడ్చకుండా కుండలో నీళ్లు పోసినట్టే.

బరువు ఎంతో కూడా తెలుసుకుంటే మంచిది, అప్పుడు పనిలో జాగ్రత్త దానంతటదే వస్తుంది. కిటికీ మీదున్న గోడంతా కమాను మీద పడదు. కిటికీ వెడల్పు ఎంతో మూడు భుజాలూ అంతే ఉన్న ఒక త్రిభుజం ఊహించుకోండి. పైన తగినంత ఎత్తు గోడ ఉంటే ఆ త్రిభుజంలోని ఇటుకల బరువే కమాను మోస్తుంది, మిగతాది పక్కలకు దిగిపోతుంది. నాలుగు అడుగుల కిటికీ, పద్దెనిమిది అంగుళాల గోడ అనుకుంటే ఆ త్రిభుజం బరువే అర టన్ను దాటుతుంది. స్టూలెక్కి, ఉలి సుత్తి పట్టుకుని నిలబడే మనిషి తల మీద ఉండేది అదన్నమాట.

ఎంత కుంగింది, ఎందుకు కుంగింది

కమాను రెండు చివర్లు గోడమీద కూర్చునే చోట చిన్న మేకులు కొట్టి వాటి మధ్య నైలాను దారం బిగించండి. మేకులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో నీళ్లు నింపిన ట్యూబుతో సరిచూసుకోండి. ఒక మేకు కిందికి వస్తే ఆ వైపు గోడే దిగిందని అర్థం. తరవాత దారం నుంచి కమాను అడుగు దాకా మధ్యలో కొలవండి. వంపు కమాను అయితే ఆ ఇంట్లోనే బాగున్న మరో కిటికీ దగ్గర ఇదే కొలత తీసి పోల్చుకోండి, ఎంత దిగిందో తెలుస్తుంది. బల్లపరుపు కమానైనా నిజానికి పూర్తిగా బల్లపరుపు కాదు. పనితనం తెలిసిన మేస్త్రీలు దానికి మధ్యలో చిన్న ఎత్తు ఇచ్చేవారు, నాలుగడుగులకి ఇంచుమించు అర అంగుళం. కింద నిలబడి చూస్తే అది కంటికి ఆనదు. మీ కమాను మధ్యభాగం దారం కంటే కిందికి ఉంటే మాత్రం కుంగినట్టే.

తరవాత బీటల్ని చదవాలి. గోడ తన కథ బీటల్లోనే చెప్పుకుంటుంది.

బీట కమాను నడిమిన ఉండి, కింద వెడల్పుగా పైకి పోనుపోను సన్నగా ఉంటే పక్కలు ఎడంగా జరిగాయి. అప్పుడు చివర్ల దగ్గర పైవైపు కూడా చిన్న బీటలు కనిపిస్తాయి. కిటికీ మూల నుంచి మెట్లుమెట్లుగా ఏటవాలుగా ఎక్కే బీట పునాది ఒకవైపు దిగిందని చెబుతుంది. నల్లరేగడి నేలల్లో ఇది ఎక్కువ, ఎండాకాలం ముడుచుకుని వానాకాలం ఉబ్బే నేల అది. బీటలేవీ లేకుండా ఒకటి రెండు ఇటుకలు మాత్రం పళ్లూడినట్టు కిందికి జారి ఉంటే, అదృష్టవంతులు. సున్నం పోయింది, అంతే.

సున్నం ఎందుకు పోతుందంటే నూటికి తొంభై ఇళ్లలో నీళ్లు. చూరు నుంచి కారే నీళ్లు, పగిలిన పెంకు, సన్‌షేడ్ మీద నిలిచే నీళ్లు. మా ఇంట్లో కారణం రెండు మూరల దూరంలోనే ఉంది. చూరు చివర రెండు పెంకులు జరిగి, వాన పడ్డప్పుడల్లా ధార సరిగ్గా కమాను నెత్తిన పడేది. పైన రంగు మీద రంగు వేస్తూ పోయాం కాబట్టి లోపల సున్నం కరిగి ఇసక మాత్రం మిగిలిన సంగతి బయటికి తెలియలేదు. ప్లాస్టరింగ్ కొట్టి చూస్తే సందులోంచి వేలితో గీకినా ఇసక రాలింది.

మిగతా కారణాలు కూడా వెతకండి. గోడపక్కనే పెరిగిన రావి మొక్క వేరు. మేడ మీద కొత్తగా పెట్టిన నీళ్ల ట్యాంకు. కిటికీ పక్కన ఏసీ కోసమో గుమ్మం కోసమో గోడ పగలగొట్టడం. కమాను తోపు తీసుకునేది ఆ గోడే కదా, దాన్ని పల్చన చేస్తే కమాను ఎక్కడ తన్నిపట్టుకుంటుంది? ఈమధ్య ఎక్కువగా చూస్తున్న కారణం ఇంకోటి ఉంది. పాత టేకు చట్రం తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ పెట్టించడం. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారిన కమాను ఆ టేకు చట్రం మీద ఆనుకుని బతుకుతూ ఉంటుంది. చట్రం ఊడదీసిన రోజున పైనుంచి ఇటుకలు రాలతాయి. చట్రం తీయాలనుకుంటే ముందు పైన ఆధారం పెట్టండి, తరవాతే చట్రం జోలికి వెళ్లండి.

ఒక చిన్న గాజు ముక్క

బీట పాతదా, ఇంకా పెరుగుతోందా అన్నది తేలాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. గాజు పలకలోంచి బొటనవేలంత వెడల్పు, చేతివేలంత పొడుగు పట్టీ ఒకటి కోయించి, బీటకు అడ్డంగా రెండు చివర్లూ అరల్డైట్ జిగురుతో గోడకి అతికించండి. ప్లాస్టరింగ్ మీద కాదు, దాన్ని గీకేసి ఇటుక మీదే అతికించాలి. పక్కన పెన్సిల్‌తో తారీకు రాయండి. గోడ కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది. కనీసం ఒక వానాకాలం దాటనివ్వండి. గాజు నిలిస్తే కదలిక ఆగిపోయింది, కమాను బాగుచేసుకోవచ్చు. విరిగితే కమాను సంగతి పక్కన పెట్టి పునాది సంగతి చూడాలి.

ఈ ఎదురుచూపు బీటల విషయంలోనే సుమా. ఇటుక ఊగుతూ ఉంటే, లేదా ప్లాస్టరింగ్ పొడిలా రాలుతూ ఉంటే, ఇవాళే కింద ఆధారం పెట్టి ఆ తరవాత గాజు అతికించండి. ఆ కిటికీ కింద మంచం ఉంటే జరిపేయండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది మీరూ మేస్త్రీ కలిసి చేసుకునే పని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాలి: కప్పు దూలం చివర సరిగ్గా ఆ కమాను మీదే కూర్చుని ఉండడం, పైన మరో అంతస్తు ఉండడం, కిటికీ ఐదడుగుల కంటే వెడల్పుగా ఉండడం, తూకం గుండు వేస్తే గోడ బయటికి వాలి కనిపించడం, గాజు విరగడం. ఇంజినీరుకిచ్చే ఫీజు తరవాత కూలిన గోడ కట్టించే ఖర్చులో పదో వంతు కూడా ఉండదు.

ఆధారం పెట్టడం

కారణం తేలింది, దాన్ని ముందు సరిచేశారు. అంటే పెంకులు సర్దించారు, మొక్క వేరుతో సహా తీయించారు. ఇప్పుడు కమాను దగ్గరికి వద్దాం. మరమ్మతులో సగం పని ఆధారం పెట్టడమే. దీనికి ఒక రోజు పట్టినా తొందరపడొద్దు.

కిటికీ రెక్కలు ఊడదీయండి, చట్రం ఉండనివ్వండి. కిటికీ గూట్లో, కింద గట్టుమీద ఒక మందపాటి పలక పరిచి, దానిమీద రెండు సెంట్రింగ్ జాకీలు (స్లాబు పోసేటప్పుడు కింద పెట్టే, మర తిప్పితే ఎత్తు పెరిగే ఇనప కాళ్లు) నిలబెట్టండి. జాకీలు దొరక్కపోతే సరుగుడు బాదులు సరిపోతాయి, కానీ కొలతకి కోసి కింద ఏటవాలు చెక్కలు జతగా పెట్టి బిగించాలి. ఏటవాలు చెక్కలంటే ఒకవైపు పలచగా చెక్కిన రెండు ముక్కలు, ఒకదాని మీద ఒకటి ఎదురెదురుగా పెట్టి సుత్తితో రెండువైపుల నుంచీ కొడితే ఎత్తు కొంచెం కొంచెంగా పెరుగుతుంది. రేపు దింపేటప్పుడు కూడా ఇవే అక్కరకొస్తాయి.

జాకీల మీద కమాను అచ్చు కూర్చోవాలి. ముప్పావు అంగుళం ప్లైవుడ్‌లోంచి కమాను అడుగు వంపుకి సరిపోయేలా రెండు ముక్కలు కోయించండి, గోడకి లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి. వాటిమీద అడ్డంగా రీపర్లు (సన్నటి చెక్క బద్దలు) మేకులతో కొట్టండి. కమాను చట్రం మీదే కూర్చుని ఉంటే అచ్చుకి చోటుండదు. అప్పుడు చట్రం ముందూ వెనకా ఉన్న గోడ మందంలో రెండు సన్నటి అచ్చులు విడివిడిగా పెట్టాలి.

వంపు ఎలా గీయాలో చాలామంది తికమకపడతారు. లెక్క ఇది: వెడల్పుని వెడల్పుతో గుణించి, ఎత్తుకి ఎనిమిది రెట్లతో భాగించండి. దానికి ఎత్తులో సగం కలపండి. వచ్చిందే దారం పొడుగు. ఉదాహరణకి కిటికీ 48 అంగుళాలు, కమాను మధ్యలో ఎత్తు 6 అంగుళాలు. 48 ఇంటూ 48 అంటే 2304. దాన్ని 48తో, అంటే ఆరెనిమిదులతో భాగిస్తే 48. ఆరులో సగం 3 కలిపితే 51. ప్లైవుడ్‌ని నేలమీద పరిచి, 51 అంగుళాల దారం ఒక చివర మేకుకి కట్టి, రెండో చివర పెన్సిల్ కట్టి తిప్పితే వంపు గీత పడుతుంది. దారం సాగుతుంది, సన్నటి రీపరు ముక్క వాడితే ఇంకా నయం.

అచ్చు కమాను అడుక్కి తగిలేదాకా బిగించి ఆపండి. ఇంకో మర తిప్పి పైకి లేపేద్దామన్న ఉబలాటం ఇప్పుడే వద్దు. సందుల్లో గట్టిగా ఇరుక్కున్న ఇసక, సున్నపు పెళ్లలు ఉంటాయి, అవి తీయకుండా లేపితే ఇటుకలు పగులుతాయి, లేదా పైగోడ మొత్తం లేస్తుంది.

కమానుని విప్పి కట్టాల్సి వస్తే ఈ అచ్చు ఒక్కటే చాలదు, దాని పైనున్న గోడని కూడా విడిగా పట్టి ఉంచాలి. కమాను పైన రెండు మూడు వరసలు వదిలి, గోడకి అటూ ఇటూ బయటికొచ్చేలా రెండు గట్టి దుంగలు దూర్చి, లోపలా బయటా వాటి చివర్ల కింద జాకీలు పెడతారు. నాలుగు అంగుళాల చదరపు మద్ది చెక్క గానీ ఇనప దూలం గానీ వాడతారు. బయట జాకీల కింద నేల మెత్తగా ఉంటే పలకలు పరవాలి, లేకపోతే జాకీ భూమిలోకి దిగుతుంది, గోడ దానితోపాటు దిగుతుంది. ఈ పని అలవాటున్న మనుషులతోనే చేయించండి.

సిమెంటు వద్దు, ఎందుకంటే

మా కిటికీకి మొదట పిలిచిన మేస్త్రీ ఒక్క పూటలో పని ముగించాడు. సందుల్లోకి గట్టి సిమెంటు కుక్కి, పైన నున్నగా పూసి, చేతులు కడుక్కున్నాడు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఏడాది తిరక్కుండా ఇటుక అంచులు పెచ్చులుగా లేచాయి. సిమెంటు మాత్రం చెక్కుచెదరకుండా పక్కటెముకల్లా పైకి పొడుచుకొచ్చింది.

జరిగిందేమిటంటే, పాత ఇటుక మెత్తనిది. గోడలో తడి ఎప్పుడూ కొంత ఉంటుంది, అది సున్నపు సందుల్లోంచి ఊపిరి పీల్చినట్టు బయటికి పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి ఇటుకలోంచే పోవాలి, పోతూ పోతూ ఉప్పుని ఇటుకలో వదిలి దాన్ని పొడి చేస్తుంది. పైగా గోడ కాస్త కదిలితే సున్నం సర్దుకుంటుంది, సిమెంటు సర్దుకోదు, పక్కనున్న ఇటుకనే పగలగొడుతుంది. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పునరుద్ధరణలో కూడా, గత శతాబ్దంలో మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటుని ఒలిచి మళ్లీ సున్నం పూశారు.

అందుకే సున్నం. కోస్తాలో గానుగ సున్నం, తెలంగాణలో డంగు సున్నం అనే పేరు ఇంకా పెద్దవాళ్ల నోట వినిపిస్తుంది. ఒక్క కిటికీ కోసం ఎద్దుల గానుగ కట్టనక్కర్లేదు గానీ, సున్నం మాత్రం మంచిది కావాలి.

బట్టీలో కాల్చిన రాళ్ల సున్నం దొరికితే అదే తెచ్చుకోండి. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులో సున్నం ముక్కలు కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు గుమ్మరించకూడదు, సలసలా కాగి మొహం మీదికి చిందుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము వేడికి కరిగిపోతుంది, వద్దు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కంట్లో పడితే చాలాసేపు ధారగా మంచినీళ్లతో కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి. చల్లారాక జల్లెడ పట్టి, పైన నాలుగు వేళ్ల నీళ్లు నిలిచేలా మూతపెట్టి కనీసం రెండు వారాలు నాననివ్వండి. ఎంత నానితే అంత వెన్న అవుతుంది. ఇదంతా కుదరకపోతే సంచిలో వచ్చే సున్నపు పొడిని రాత్రి నానబెట్టి వాడొచ్చు, అయితే కొత్త సంచి కావాలి. గాలి తగిలిన పాత పొడి సుద్దగా మారిపోతుంది, అది గోడకి రాసుకోవడానికే.

పాళ్లు: ఒక తట్ట నానిన సున్నానికి ఒక తట్ట సుర్ఖీ, రెండు తట్టల ఇసక. సుర్ఖీ అంటే ఇటుక పొడి. అది లేకపోతే ఉత్త సున్నం గోడ లోపల చాలా నెమ్మదిగా గట్టిపడుతుంది. మరీ మాడి నల్లబడ్డ ఇటుక పొడి పనిచేయదు, మామూలుగా కాలిన ఎర్ర ఇటుకని దంచి జల్లెడ పట్టాలి. ఇసక ఏటి ఇసక కావాలి, కడిగి వాడాలి. సముద్రపు ఒడ్డు ఇసక ముట్టుకోవద్దు, ఉప్పు. నీళ్లు తక్కువ, దంచడం ఎక్కువ. రోకలితో దంచితే మొదట పొడిపొడిగా ఉన్నది కాసేపటికి దానంతటదే ముద్దవుతుంది. తాపీ మీద తీసి తలకిందులు చేస్తే అంటుకుని ఉండాలి. ఆరోజు కలిపింది ఆరోజే వాడేయాలి.

బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలపాలా అని అడుగుతారు. వాటి పాళ్లు చేత్తో తెలిసిన మేస్త్రీ ఉంటే కలపనివ్వండి. లేకపోతే మానేయండి, తెలియకుండా కలిపిన బెల్లం కంటే బాగా దంచిన సున్నమే నమ్మకం.

సున్నం పని చేసేవాళ్లు బొత్తిగా దొరకని చోట ఒక రాజీ ఉంది: ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు సున్నం, తొమ్మిది పాళ్లు ఇసక. ఇది మెత్తగానే ఉంటుంది. మేస్త్రీ ‘ఇంత తక్కువ సిమెంటా’ అని నవ్వుతాడు, నవ్వనివ్వండి.

అసలు పని

ఇటుకలు స్థానంలోనే ఉండి సున్నం మాత్రం పోయినప్పుడు: సందుల్లోని వదులు మట్టినంతా సన్నటి ఉలితో, చేత్తో గీకి తీయండి. గ్రైండరు పెడితే ఇటుక అంచులు పోతాయి. కనీసం ఒక అంగుళం లోతు తీయాలి. ఒకేసారి కమానంతా గీకెయ్యకండి, రెండు సందులు గీకి, నింపి, మరో రెండు. దుమ్ము ఊది, నీళ్లు చల్లి, తడి ఆరుతుండగా సున్నం కుక్కండి. సందు లోతుగా ఉంటే ఒక పూటకి ఒక అంగుళం చొప్పున పొరలుగా నింపాలి.

ఒకటి రెండు ఇటుకలు జారినప్పుడు: ఇది నాకు ఇష్టమైన పని, మా కిటికీ ఈ రకమే. జారిన ఇటుకకి రెండువైపులా, పైనా సందుల్ని పూర్తిగా ఖాళీ చేయాలి, అవతలివైపు వెలుతురు కనిపించేదాకా. పైసందులో ఒక్క గులకరాయి మిగిలినా ఇటుక పైకి పోదు. తరవాత నీళ్లు కొట్టి, కింద అచ్చు మీద ఆ ఇటుకకి సరిగ్గా ఆనేలా ఒక చెక్కముక్క పెట్టి, ఏటవాలు చెక్కల్ని మెల్లగా కొట్టండి. ఒక దెబ్బ, చూడడం, ఇంకో దెబ్బ. ఇటుక కదిలేటప్పుడు గరగరమని ఇసక నలిగిన చప్పుడు వస్తుంది, అది మంచి చప్పుడు. టక్‌మని ఎండు చప్పుడు వస్తే ఆపేయండి, ఏదో అడ్డుపడింది. మా ఇటుక ముప్పావు అంగుళం జారితే అర అంగుళం పైకొచ్చి అక్కడ ఆగింది. అక్కడే వదిలేశాను. పక్క ఇటుకలతో గట్టిగా నొక్కుకోవడం ముఖ్యం గానీ పావు అంగుళం తేడా ప్లాస్టరింగ్‌లో కలిసిపోతుంది.

ఇప్పుడు సందుల్లో సున్నం కూరి, సున్నం పచ్చిగా ఉండగానే కడప బండ పలుకులో పాత పెంకు ముక్కలో సన్నవి తీసుకుని పైనుంచి బిగుతుగా దిగ్గొట్టండి. ఇటుకని పట్టి ఉంచేవి ఆ పలుకులే, సున్నం వాటి మధ్య ఖాళీ నింపుతుంది. ఈ మాట నాకు చెప్పిన ముసలి మేస్త్రీ పలుకు దిగ్గొట్టాక ఇటుకని సుత్తి పిడితో తట్టి విన్నాడు. డొల్ల చప్పుడు పోయి గట్టి చప్పుడు వచ్చేదాకా ఇంకో పలుకు.

కమాను మొత్తం చదునైపోయినప్పుడు, లేదా ఇటుకలు సగానికి సగం పగిలినప్పుడు: విప్పి కట్టడమే దారి. ముందు ఫోటోలు తీసి, ఇటుకల మీద సుద్దతో వరసగా అంకెలు వేయండి. పైగోడని దుంగల మీద నిలబెట్టాక, నడిమి ఇటుక నుంచి మొదలుపెట్టి రెండువైపులా సమంగా విప్పాలి. చివర్లలో గోడ మీద ఏటవాలు పీట బయటపడుతుంది. కమాను కాలు మోపేది దానిమీదే కాబట్టి అక్కడ వదులు ఇటుకలు ఉంటే తీసి కొత్తగా కట్టాలి.

కట్టేముందు ఇటుకల్ని అచ్చు మీద సున్నం లేకుండా ఒకసారి పేర్చి, సందులు గుర్తుపెట్టుకోండి. బేసి సంఖ్యలో ఉండాలి, అప్పుడే నడిమిన ఒక ఇటుక పడుతుంది. సందులు కింద సన్నగా, పైన వెడల్పుగా వస్తాయి, పైన కూడా అర అంగుళం దాటితే ఇటుకల్ని కొంచెం చెక్కుకోవాలి. బుడగలు రావడం ఆగేదాకా ఇటుకల్ని నీళ్లలో నానబెట్టి, రెండు చివర్ల నుంచి ఒకేసారి పైకి కట్టుకుంటూ రండి. ఒకవైపు ముందు కట్టేస్తే అచ్చు పక్కకి ఒరుగుతుంది. నడిమి ఇటుకని చివర్లో, రెండువైపులా సున్నం పూసి, చెక్కసుత్తితో తట్టి దించాలి. అది సులువుగా దిగిందంటే సందు వదులు, తీసి మళ్లీ పెట్టండి.

కమాను పైగోడలో బీట ఉంటే పైన రెండు వరసల సందుల్లో ఆరు మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ పెట్టి సున్నంతో మూయొచ్చు, కిటికీకి అటూ ఇటూ అడుగున్నర చొప్పున గోడలోకి వెళ్లాలి. మామూలు ఇనుము వద్దు. తుప్పు పట్టి ఉబ్బి, మీరు కట్టిన గోడనే చీలుస్తుంది.

ఇంత బాధ ఎందుకు, ఒక లింటెల్ పెట్టేస్తే పోదా అంటే, పక్కగోడలు ఇక తోపు మోయలేని స్థితిలో ఉంటే నేనూ లింటెలే పెట్టమంటాను. లింటెల్ పక్కలకి నెట్టదు, కిందికే బరువు దింపుతుంది. ముందే పోసి ఆరబెట్టిన కాంక్రీటు లింటెల్ రెండువైపులా గోడ మీద ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు కూర్చునేలా పెట్టాలి. అందులో చిన్నతనమేమీ లేదు.

దింపడం

సున్నం పని కార్తీకం వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రిలోపు ముగించేలా చూసుకోండి. తుపాను వానకి పచ్చి సున్నం కొట్టుకుపోతుంది, రోహిణి ఎండకి ఎండి పొడవుతుంది. కట్టిన చోట తడి గోనెసంచులు వేలాడదీసి పదిరోజులు తడి ఆరకుండా చూడండి.

అచ్చుని మూడు నాలుగు వారాలు కదపొద్దు. అడుగు నుంచి ఊడబెరికేసే పని అస్సలు పెట్టుకోవద్దు. మొదటిరోజు ఏటవాలు చెక్కల్ని ఒక్క వెంట్రుకవాసి వదులు చేయండి. అచ్చుకీ కమానుకీ మధ్య కాగితం దూరేంత సందు వచ్చి అలాగే ఉందంటే కమాను తన బరువు తాను ఎత్తుకుంది. కమాను కూడా అచ్చుతోపాటు దిగితే మళ్లీ బిగించి ఇంకో రెండు వారాలు ఆగండి. రెండోరోజు ఇంకాస్త వదులు చేయండి. మూడోరోజు తీసేయొచ్చు. ప్లాస్టరింగ్ తొందరలేదు, చేసినప్పుడు అదీ సున్నంతోనే. చట్రం పైచెక్కకీ కమానుకీ మధ్య అర అంగుళం ఖాళీ వదిలి, అందులో కొబ్బరి పీచు కూరి పైన పూసేయండి. కమాను రేపు కాస్త సర్దుకున్నా చట్రం మీద పడదు.

మా కిటికీ మీద ఇటుక జారిన చోట సందుకి అడ్డంగా గాజు ముక్క ఒకటి అతికించి తారీకు వేశాను. రెండు వానాకాలాలు గడిచాయి, విరగలేదు. రెండుసార్లు చిత్రిక పట్టించుకున్న ఆ కిటికీ రెక్కకి మాత్రం ఇప్పుడు పైన వేలెడు సందు, దోమలు వస్తున్నాయని అమ్మ సణుగుడు. వడ్రంగి మళ్లీ వచ్చి పైఅంచుకి ఒక సన్నటి టేకు బద్ద కొట్టి వెళ్లాడు.